పదో రోజు

రేపల్లె అబ్దుల్ షుకూర్‌ని కిందటి వారం సామాను సర్దుకుంటుండగా వదిలాం. వయసు యాభై ఒకటి, రైసుమిల్లు ఫిట్టరు. బాపట్లలో అతను పనిచేసిన మిల్లు మూతపడి ఏడాది దాటింది. నైజీరియాలో కొత్తగా పెట్టే మిల్లుకి యంత్రాలు బిగించే మనిషి కావాలని వెతికినవాళ్ళు, ఆ వయసులో అతన్ని ఎంచుకున్నారు. ఇంకో ఉద్యోగం రాదని అతనికి తెలుసు. నవంబరు పదిహేడో తారీకు దాటకుండా ఆ దేశంలో అడుగు పెట్టాలి, వీసా అంతవరకే. అడుగు పెట్టాలంటే ఎల్లో ఫీవరు టీకా వేయించుకున్నట్టు పసుపుపచ్చ కార్డు చూపించాలి. ఆ టీకా మన జిల్లాలో ఎక్కడా వెయ్యరు. ఏడో తారీకు శుక్రవారం అతన్ని మద్రాసు తీసుకెళ్ళి, కార్డుతో తిరిగి తీసుకొచ్చినవాడు భట్టిప్రోలు చలపతిరావు. ఆరోగ్యశాఖలో సూపర్‌వైజరుగా రిటైరయ్యాడు. ముప్పయ్యేళ్ళు టీకాల రిజిస్టర్లు రాశాడు, ఇతరులు రాసిన వాటిలో తప్పులు పట్టాడు. ఇవాళ పన్నెండో తారీకు, బుధవారం. టిక్కెట్టు తీసుకోవడానికి చలపతిరావు కార్డు పట్టుకుని తెనాలి వచ్చాడు.

టిక్కెట్లిచ్చే అమ్మాయి నీరజ కార్డు తెరిచి చూసింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

చలపతిరావుకి ఆ వాలకం నచ్చలేదు. ఒకసారి చూసినప్పుడు కనపడనిది రెండోసారి మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది? గాంధీ చౌక్ దగ్గర ఈ ట్రావెల్స్ ఆఫీసులో అతనికి నచ్చనివి ఇంకా చాలా ఉన్నాయి. ఈ పిల్ల అతన్ని అంకుల్ అంటుంది. కుర్చీలో కూర్చోమని రెండుసార్లు చెప్తుంది. ఫాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద టీ గ్లాసు పెడుతుంది.

“అంకుల్, టీకా ఏడో తారీకున వేశారు కదండీ?”

“అందులో రాసుంది కదమ్మా.”

“టిక్కెట్టు శనివారం రాత్రిది. లాగోస్‌లో దిగేది పదహారు.”

“పదహారుకి పదో రోజు. పది రోజులు అయితే కార్డు చెల్లుతుంది. లెక్క చూసుకున్నాకే నీకా తేదీ చెప్పాను.”

“పదహారుకి పదెలా అవుతుందండీ?”

ఎలా అవుతుందని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. చలపతిరావు కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టాడు. “ఏడు ఒకటి. ఎనిమిది రెండు. తొమ్మిది మూడు.” అలా పదహారు దాకా పోయి, చెయ్యి దించాడు. “పది.”

నీరజ బల్ల మీది క్యాలెండరు అతని వైపు తిప్పింది. పెన్ను మూతతో ఏడో తారీకు మీద తట్టింది. “ఇది సున్నా అండి. ఎనిమిది ఒకటి. పది అయ్యేది పదిహేడుకి.”

“సున్నా రోజేంటి? సూది పొడిచిన రోజు రోజు కాకుండా పోయిందా?”

“రోజేనండీ. లెక్కలోకి రాదంతే.”

గోడ పక్క బెంచీ మీద వెంకటరత్నమ్మ అనే పెద్దావిడ తిరుపతి బస్సు టిక్కెట్టు కోసం కూర్చునుంది. టిక్కెట్టు చేతికొచ్చి పావుగంటైనా, ఫాను కింద బాగుందని లేవలేదు. ఆవిడ కల్పించుకుంది. “ఆయన చెప్పింది నిజమేనమ్మాయ్. పదో రోజంటే ఆ రోజుతో కలిపే. మా ఆయన పోయినప్పుడు అట్లాగే చేశాం.”

“ఇది ఆ పదో రోజు కాదు మామ్మగారూ.”

“ఏ పదో రోజైనా పదే కదే. నీకొక పది, నాకొక పదీనా?”

ఎవరూ అడక్కుండా తన పక్షాన మాట్లాడిన మనిషి మీద చలపతిరావుకి కోపం వచ్చింది. కానీ ఆవిడ చెప్పింది అతని మనసులో మాటే. మూడేళ్ళ కిందట భార్య ప్రమీలారాణి పోయింది. మంగళవారం ఇంకా పొద్దు పొడవక ముందు. సూర్యుడు రాలేదు కాబట్టి అది సోమవారం లెక్కలోకే వస్తుందని పురోహితుడు అన్నాడు. గడియారం చూసుకో అని ఇతనన్నాడు. బావమరుదులు ఇద్దరూ పురోహితుడి వైపు చేరారు. అప్పట్నుంచి వాళ్ళతో మాటల్లేవు. సోమవారమా మంగళవారమా అని అంత గొడవ పడ్డవాళ్ళలో, పోయిన రోజు ఒకటో రోజు అవునా కాదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన సంగతే కాదది. పురుడైనా, మైలైనా, జ్వరం వచ్చి ఎన్నాళ్ళని డాక్టరడిగినా, మొదలైన రోజే ఒకటి.

నీరజ కార్డు వెనక వైపు చిన్న అక్షరాల్లో అచ్చేసిన ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టింది. “టీకా వేసిన తేదీ తరవాత పది రోజులకి, అని ఉందండి. తరవాత అన్నాడు. అంటే వేసిన రోజు పోగా.”

చలపతిరావు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. చదివాడు. ఆ వాక్యం మద్రాసులోనే చదివాడు. చదివి, కొత్తగా అర్థం చేసుకోవాల్సిందేమీ లేదనుకున్నాడు. ఇప్పుడు మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అందులో తరవాత అనే ఉంది.

“పదహారున దిగితే ఏం చేస్తారు?”

“దిగడం దాకా ఎందుకండీ, బొంబాయిలో విమానం ఎక్కనివ్వరు. కార్డు సరిగా లేని మనిషిని తీసుకెళ్తే విమానం వాళ్ళే వెనక్కి తేవాలి. అందుకని వాళ్ళే ముందు చూస్తారు.”

నీరజ కంప్యూటరు వైపు తిరిగి ఏదో కొట్టింది. కొంతసేపు చూసింది. బొంబాయికి ఫోన్ చేసింది. హిందీలో మాట్లాడింది, మధ్యలో ఒకసారి నవ్వింది. ఫోన్ పెట్టేసి చెప్పింది. “ఆదివారం సాయంత్రం వేరే విమానంలో ఒక సీటుందండి. పదిహేడు పొద్దున దిగుతుంది. కార్డు చెల్లే మొదటి రోజు, వీసా లెక్కకి ఆఖరి రోజు. మార్చేశాను.”

“మార్చేశావా?”

“అడుగుతూ కూర్చుంటే పోతుందండీ సీటు.”

చలపతిరావు ఊపిరి వదిలాడు. పర్వాలేదు, ఈ పిల్లకి పని వచ్చు. ఆ మాట పైకి అనలేదు. కార్డు కోసం చెయ్యి చాచాడు.

నీరజ ఇవ్వలేదు. “ఇంకోటుందండి. ఎప్పట్నుంచి చెల్లుతుంది అన్న గడిలో పదహారు అని వేసుంది. డాక్టరుగారు కూడా మీలాగే లెక్కేసినట్టున్నారు. ఆయన తప్పు ఆయన చేతే సరిచేయించాలి.”

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. తప్పు మద్రాసులో ఎవరో డాక్టరు మీదికి పోయేది. ముప్పయ్యేళ్ళలో చలపతిరావు దగ్గరికి వచ్చిన ప్రతి తప్పుకీ అలాగే ఎవడో ఒకడు ఉండేవాడు, కాంపౌండరో, గుమాస్తానో, ముందున్న సూపర్‌వైజరో. అలా చెప్పినవాళ్ళని అతను ఎన్నడూ నమ్మలేదు, వదలనూ లేదు.

“డాక్టరు రాయలేదమ్మా.”

“మరి?”

“నేను రాశాను.”

వెంకటరత్నమ్మ బెంచీ మీద సర్దుకు కూర్చుంది. నీరజ కార్డు కిందికి దించింది. “మీరు రాయడమేంటండీ?”

“ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఏ గడి నింపకపోయినా కార్డు చెల్లకపోవచ్చని అందులోనే ఉంది, చూడు.”

“దాని పక్కనే, దిద్దినా చెరిపినా చెల్లదని కూడా ఉంది కదండీ.”

“దిద్దలేదు. నింపాను.”

“రెండిటికీ తేడా ఏముందండీ, డాక్టరు రాయనప్పుడు?”

మద్రాసు నుంచి తిరిగొచ్చే రైల్లో, ఒంగోలు దాటాక, షుకూర్ కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. కార్డు చలపతిరావు సంచీలో ఉంది. తీసి చూస్తే ఆ ఒక్క గడీ తెల్లగా కనిపించింది. ఖాళీ గడి కనిపిస్తే అతనికి అన్నం సయించదు. ఖాళీ గడి వదిలినందుకే వేమూరు నర్సు పున్నమ్మ మీద రిపోర్టు రాశాడు. ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని బతిమాలుకోవడానికి ఇంటికొస్తే, ప్రమీలారాణి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఇతను లోపల్నుంచి బయటికి రాలేదు. అలాంటి మనిషి రైల్లో నీలం పెన్ను తీశాడు. కార్డు మీద సంతకం చేసినాయన అంకెలు ఎలా రాశాడో చూసి, అదే వాటంగా ఒకటీ ఆరూ వేశాడు. ఆ చివరి ముక్క నీరజకి చెప్పలేదు.

“ఆ ఆరుని ఏడు చేస్తే పోలా?” అంది వెంకటరత్నమ్మ.

“ఆరు ఏడవ్వదు మామ్మగారూ. ఎనిమిదవుతుంది,” అంది నీరజ.

“ఎనిమిదైతే ఏం?”

“అప్పటికి వీసా పోతుందండి.”

పెద్దావిడ నాలుక చప్పరించింది. నీరజ కాగితం మీద ఏదో రాసుకుంది. “ఒకటే దారి అంకుల్. ఎల్లుండి శుక్రవారం అక్కడ మళ్ళీ టీకాలు వేస్తారు, డాక్టరుగారు ఉంటారు. వాళ్ళ రిజిస్టర్లో షుకూర్ గారి పేరు ఉంటుంది కాబట్టి, అది చూసి కొత్త కార్డు రాసివ్వమని అడగాలి. జరిగింది జరిగినట్టు చెప్పి అడగాలి. అట్నుంచి అటే బొంబాయి రైలెక్కితే ఆదివారం విమానానికి అందుతారు. నేను మద్రాసుకి ఫోన్ చేసి కనుక్కుంటాను. షుకూర్ గారికి కూడా ఫోన్లో చెప్పెయ్యమంటారా?”

“నేను వెళ్ళి చెప్తాను.”

“ఆ గడి సంగతి కూడానా?”

“అదే చెప్పడానికి వెళ్తున్నాను.”

రేపల్లె పాసింజరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. వేమూరులో కూలీ ఆడవాళ్ళు ఎక్కారు, మోకాళ్ళ దాకా బురద. సీటు ఉన్నా కూర్చోకుండా తలుపు దగ్గరే కింద కూర్చున్నారు. భట్టిప్రోలులో బండి ఆగింది. చలపతిరావు ఇల్లు స్టేషనుకి పది నిమిషాల నడక. ప్లాట్‌ఫారం మీద తెలిసినవాడొకడు చెయ్యి ఎత్తి, “దిగరేంటండీ?” అన్నాడు. ఇతను తల అడ్డంగా ఊపాడు. బండి కదిలింది.

డాక్టరుకి ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాడు. అయ్యా, నేను ఫలానా. నా చేత్తో నేను రాశాను. అక్కడిదాకా బాగానే వచ్చేది. తరవాత వాక్యం దగ్గర, ఎందుకు రాశావు అని డాక్టరు అడిగేవాడు. రిపోర్టు రాస్తానని బెదిరించేవాడు. ఆ డాక్టరు గొంతు అచ్చం చలపతిరావు గొంతులాగే ఉండేది.

షుకూర్ ఇల్లు రేపల్లెలో మసీదు వెనక సందులో ఉంది. రెండు గదులు, ముందు రేకుల వసారా. వసారాలో పాత దుప్పటి పరిచి, దాని మీద పనిముట్లు వరసగా పెట్టుకున్నాడు షుకూర్. స్పానర్లు, సుత్తులు, రసమట్టం. ఒక్కోదానికీ నూనె గుడ్డ పెట్టి తుడుస్తున్నాడు. గుమ్మంలో భార్య సైదాబీ చేటలో బియ్యం ఏరుతోంది.

“రండి సూపర్‌వైజరు గారండీ. టిక్కెట్టు వచ్చిందాండీ?”

“రండన్నయ్యగారూ,” అంది సైదాబీ. “మీరైనా చెప్పండి ఈయనకి. ఆ సుత్తి నైజీరియాలో దొరకదంట. వాళ్ళు మేకులు చేత్తో కొట్టుకుంటారు కాబోలు.”

“నా చేతికి అలవాటైన సుత్తి,” అన్నాడు షుకూర్.

“నేనూ అలవాటైనదాన్నే. నన్ను దుప్పట్లో చుట్టలేదే?”

చలపతిరావు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పది లెక్క తప్పిందన్నాడు. విమానం ఆదివారానికి మారిందన్నాడు. కార్డులో ఒక గడి తను నింపాడని, దానివల్ల కార్డు చెల్లకుండా పోయిందని చెప్పాడు. చెప్పేటప్పుడు ఎదుట ఉన్నది స్పానర్లే అన్నట్టు వాటి మీదే చూపు పెట్టాడు.

“తప్పు నాది. వేరెవరిదీ కాదు,” అని ముగించాడు.

షుకూర్ తుడుస్తున్న స్పానరు కింద పెట్టాడు. “పర్లేదండి.”

“ఏం పర్లేదు?”

“తప్పెవరైనా చేస్తారు కదండీ.”

అంత తేలిగ్గా వదిలెయ్యడం చలపతిరావుకి మింగుడు పడలేదు. తనైతే వదిలేవాడు కాదు.

“మేమూ అట్లాగే లెక్కేస్తాం అన్నయ్యగారూ,” అంది సైదాబీ. “మా అత్తకి పదోనాడు, నలభయ్యోనాడు అన్నీ ఆ రోజుతో కలుపుకునే చేశాం. ఆ కార్డు అచ్చేసినవాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ పోరేమో.”

“ఎల్లుండికి మద్రాసులో ఉందాం షుకూరూ. డాక్టరు దగ్గర రిజిస్టరు ఉంటుంది. అందులో నీ పేరు చూసి కొత్త కార్డు రాస్తాడు. తిట్లేమన్నా ఉంటే నేను తింటాను. నువ్వు పక్కన నిలబడితే చాలు.”

“మద్రాసెందుకండీ?”

“చెప్పాను కదా, కొత్త కార్డుకి.”

“ఈ కార్డుతోనే పోతానండి. అంత చిన్న గడి ఎవరు చూస్తారు? చూస్తే అప్పుడు చూసుకుందాం.”

“విమానం వాళ్ళే చూస్తారు. వెనక్కి పంపితే నీ వీసా అక్కడికి అయిపోయినట్టే.”

“ఆ డాక్టరుగారిని మళ్ళీ కదిలించడం దేనికండీ?” షుకూర్ రసమట్టం చేతిలోకి తీసుకున్నాడు. అద్దంలో బుడగ ఒక పక్కకి పోయి ఆగింది. “మీ పెద్దరికం పోతుంది అక్కడ.”

తన పరువు కాపాడాలని చూస్తున్నాడనుకున్నాడు చలపతిరావు. ఇంకొకరి దయ మీద నిలబడాల్సి రావడం ఇష్టం లేక గొంతు పెంచాడు. “నా పెద్దరికం సంగతి నువ్వు చూడక్కర్లేదు. రేపు పినాకిని రైలుకి తెనాలి వచ్చెయ్.”

“ఆయన అంతగా చెప్తుంటే పోరాదూ?” అంది సైదాబీ మొగుడితో. “ఏడాదిగా బాపట్ల మిల్లు తలుపు తీస్తారని ఎదురుచూసి ఎదురుచూసి, దేవుడు ఈ దారి చూపిస్తే, ఒక్క రోజు రైలెక్కడానికి బద్ధకమా?”

షుకూర్ రసమట్టానికి నూనె గుడ్డ పెట్టాడు.

చలపతిరావు జేబులో సెల్‌ఫోన్ మోగింది. నీరజ. చెవికి కాస్త ఎడంగా పెట్టుకుని వినడం అతని అలవాటు. ఆ పిల్ల గొంతు వసారా అంతా వినిపించింది.

“అంకుల్, మద్రాసు డాక్టరుగారు దొరికారండి. మంచాయనే. వస్తే రాసిస్తానన్నారు. నంబరు కోసమని రిజిస్టరు తెప్పించి చూశారు. ఏడో తారీకున టీకా వేసింది ముప్పై ఆరు మందికి. అందులో షుకూర్ గారి పేరు లేదంటున్నారు.”

“షేక్ అని చూడమనమ్మా. పాస్‌పోర్టులో షేక్ ముందుంటుంది.”

“చూశారండి. షేక్ అని చూశారు, అబ్దుల్ అని చూశారు, చివరికి పాస్‌పోర్టు నంబరుతో కూడా చూశారు. మూడు రకాలుగా చూసినా లేదు. ఆ రోజు అసలు వేయించుకున్నారా అని అడుగుతున్నారండి. ఏం చెప్పమంటారు?”

“మళ్ళీ చేస్తాను,” అన్నాడు చలపతిరావు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సైదాబీ చేతిలో చేట ఆగిపోయింది. షుకూర్ రసమట్టాన్ని గుడ్డలో చుడుతున్నాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

ఆ రోజు మద్రాసులో చలపతిరావు వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. టీకా వేయించుకునేవాళ్ళని తప్ప లోపలికి రానివ్వలేదు. గంటన్నర తరవాత షుకూర్ పక్క దారి నుంచి కార్డు పట్టుకుని వచ్చాడు. కార్డు తీసుకుని ఇతను పేరు చూశాడు, తేదీ చూశాడు, ముద్ర చూశాడు. మనిషిని చూడలేదు.

“సూది వేశాక ఎంతసేపు కూర్చోబెట్టారు నిన్ను?”

“వెంటనే పొమ్మన్నారండి.”

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో చలపతిరావు స్వయంగా కొన్ని వేల సూదులు దగ్గరుండి వేయించాడు. పల్లెటూరి బడి అరుగు మీద వేసినా సరే, వేశాక అరగంట కూర్చోబెట్టకుండా ఎవర్నీ పంపరు. ఒళ్ళు తిరిగి పడిపోతారేమోనని చూస్తారు. లేచిపోబోయినవాళ్ళని అతనే చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టేవాడు.

“షుకూరూ. నిన్ను నేను రిజిస్టరు అడిగినట్టు అడుగుతున్నాను. సూది వేశారా, లేదా?”

షుకూర్ చాలాసేపు దుప్పటి అంచు సరిచేశాడు. తరవాత తలెత్తాడు.

“వెయ్యలేదండి.”

“మందు అయిపోయిందా?”

“మందుందండి. లోపల డాక్టరుగారు నాలుగు మాటలు అడిగారు. నా దగ్గర ఆసుపత్రి చీటీలుంటే చూశారు. చూసి, నీకు ఈ టీకా వెయ్యకూడదయ్యా, ఒంటికి పడదు, ప్రాణం మీదికొస్తుంది అన్నారు. టీకా పడదని వేరేగా కాగితం రాసిస్తాను, వీలైతే ప్రయాణం మానుకో అన్నారు. ఆ కాగితం తీసుకోలేదండి. ఆ కార్డు లోపల ఇచ్చింది కాదు. బయట ఒకాయన రాసి ఇచ్చాడు.”

“ఏ చీటీలు?” అంది సైదాబీ.

చలపతిరావు కూడా అదే అడగబోయాడు. టీకా ఎవరెవరికి వెయ్యకూడదో అతనికి తెలుసు. ఆ జాబితా పెద్దది కాదు. గోడకి అంటించి ఉండేది, రోజూ చూసేవాడు. అందులో గుడ్డు పడనివాళ్ళు ఉన్నారు. షుకూర్ మద్రాసు స్టేషన్‌లో రెండు గుడ్ల ఆమ్లెట్టు తిన్నాడు. అది తీసేస్తే మిగిలినవి, ఒంట్లో రోగాన్ని ఆపే శక్తిని తినేసే జబ్బులు, వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా పెళ్ళాం ముందు నిలబెట్టి అడిగేది కాదు.

“ఏ చీటీలండీ?” సైదాబీ మళ్ళీ అడిగింది. “ఎప్పుడు చూపించుకున్నారు? ఎక్కడ?”

షుకూర్ ఆమె వైపు చూడలేదు. చలపతిరావు వైపు చూశాడు, అడగొద్దన్నట్టు.

“సైదా,” అన్నాడు మెల్లిగా. “సూపర్‌వైజరుగారు ఎండన పడి వచ్చారు. లోపలికెళ్ళి టీ పెట్టు.”

సైదాబీ చేట పక్కన పెట్టింది. గుమ్మంలోంచి లేవలేదు.